చర్చ: చెన్నైలో పేపరు కత్తిరింపులు పచ్చబడకుండా దాచేదెలా?

మాంబళం మేడ: పేపరు చదవడంలో సగం ఆనందం కత్తెర పట్టుకోవడంలోనే ఉంది. ఫోన్‌లో సేవ్ చేసినది మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ. అట్టపెట్టెలోంచి తీసిన ముక్క మాత్రం వెనకవైపు సగం తెగిన సినిమా ప్రకటనతో సహా ఆ రోజును చేతికిస్తుంది. కానీ ఈ ఊరి చెమ్మకు ముక్కలు పచ్చబడి, అంచులు పెళుసెక్కుతున్నాయి. మీరెలా దాస్తున్నారు?

పెరంబూర్ బైండింగ్: పచ్చబడేది ముందు వెలుతురు వల్లనండీ, చెమ్మ తర్వాత. న్యూస్‌ప్రింట్ చదరపు మీటరుకు 45 గ్రాములకు అటూఇటుగా తూగే పల్చటి కాగితం. కలపను నూరి తీసిన గుజ్జులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం అలాగే మిగిలిపోతుంది. ఎండా గాలీ తగిలితే రంగు మారేది అదే. ఒక పేజీ మీద స్కేలు పెట్టి రెండు రోజులు ఎండలో వదిలి చూడండి, స్కేలు ఉన్నమేర తెల్లగా అచ్చు దిగుతుంది. అందుకే మూత బిగుతుగా ఉండే పెట్టె, అదీ బీరువాలో. బయటి గోడకు ఆనించిన అరలో వద్దు. లోపల చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, వర్షాకాలంలో మారుస్తూ ఉండండి.

వేళచ్చేరి: అతికించేవాళ్లకు ఒక మాట. సెల్లోటేపు అసలు వద్దు, దాని జిగురు గోధుమరంగు మరకై అక్షరాల్లోకి దిగుతుంది. మైదా జిగురుకు పురుగు పడుతుంది. అతికించకుండా పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) కవర్లో దోపడమే మేలు. మెత్తటి పీవీసీ కవరైతే సిరాను తనవైపు లాగేసుకుంటుంది. పేపరు సిరా ఆరేది కాదు, కాగితంలోకి ఇంకేది. వేలికి అంటేదీ అందుకే.

తాంబరం లోకల్: కత్తిరించకముందే పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయాలి. స్కెచ్‌పెన్ పాకుతుంది. కత్తెర లేకపోతే కాలమ్ గీత మీద స్టీలు స్కేలు ఆనించి పైనుంచి కిందికి చింపండి, నేరుగా వస్తుంది. అడ్డంగా చింపితే వంకరే. కాగితం తయారయ్యేటప్పుడు రీలు సాగే దిశలోనే నార పరుచుకుని ఉంటుంది మరి.

మాంబళం మేడ: స్కాన్ చేసుకుంటే చాలదా?

పెరంబూర్ బైండింగ్: చదువుకోవడానికి చాలు. పైగా ముక్క వచ్చిన రోజే మంచి ఏ4 కాగితం మీద జిరాక్స్ తీస్తే, అది అసలు ముక్కకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ ఆ వార్తను ఎంత అక్షరంతో వేశారు, పక్కన ఏముంది, మడతకు పైనా కిందా అన్నది పేజీ మొత్తం ఉంటేనే తెలుస్తుంది. ముఖ్యమైన రోజుల పేజీ నిండుగా దాచండి. బొమ్మలు గీసేవాళ్లు వాడే ఏ2 ఫోల్డర్లో మడత లేకుండా పడుతుంది. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో అడిగి చూడండి. లామినేషన్ మాత్రం చేయించకండి, వేడికి అతుక్కున్నది మళ్లీ ఊడిరాదు.

వేళచ్చేరి: పేజీ అడుగున నాలుగు రంగుల చుక్కలుంటాయి చూశారా? నీలం, గులాబి, పసుపు, నలుపు. ఆ రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ఫొటోలో ముఖాలకు రెండేసి అంచులు కనిపిస్తాయి. దాచేందుకు ఇంకో కాపీ వెతకండి.

తాంబరం లోకల్: తడిసిన పేపరును పేజీలుగా విడదీయబోతే చినుగుతుంది. అలాగే టవల్ మీద పరిచి, ఫ్యాన్ కింద సగం ఆరాక ఒక్కో పేజీ తీయాలి. పైన గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ.

పెరంబూర్ బైండింగ్: పాత తెలుగు పేపర్ల కోసమైతే ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో అడగండి. అచ్చయిన పుస్తకాల కాపీలు గ్రంథాలయాలకు పంపాలనే 1954 చట్టంలో 1956లో పత్రికలనూ చేర్చాక, కాపీలు అందాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికైందీ, ఆంధ్రప్రభ 1938లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. పాత సంపుటాల పేజీలు తిప్పేటప్పుడు మూల పట్టి లాగకండి. కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి.