కనీస స్పృహలో ఉన్నవారికి మెదడు ఉద్దీపన: పరిశోధన దాటి ఇప్పుడే ఇవ్వాలా?

ఫిజియో_గుంటూరు:
తలకు పెద్ద దెబ్బ తగిలి, కళ్లు తెరుస్తున్నా పిలిస్తే పలకని మనిషి ఇంట్లో ఉంటే, ఆ ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "తలకు కరెంటు పెడితే లేస్తారట కదా?" ఈ ఆశ 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అమెరికా కేసుతో పెరిగింది. దెబ్బ తగిలి ఆరేళ్లయినా కనీస స్పృహ (స్పృహ గుర్తులు అప్పుడప్పుడు మాత్రమే కనిపించే స్థితి) దాటని 38 ఏళ్ల వ్యక్తికి పరిశోధకులు నికొలస్ షిఫ్, జోసెఫ్ జియాసినో, అలీ రెజాయిల బృందం రెండువైపులా మెదడు లోతులోని థాలమస్ మధ్యభాగంలో ఎలక్ట్రోడ్లు అమర్చింది. అతను వస్తువుల పేర్లు చెప్పగలిగాడు, నోటితో తినగలిగాడు.

నేను ఆపరేషన్ చేయించమనడం లేదు. నెత్తిమీద స్పాంజీలతో తేలికపాటి కరెంటు ఇచ్చే టీడీసీఎస్ సంగతి వేరు. బెల్జియంలోని లియేజ్ బృందం 2014లో ఎడమ ముందుమెదడుపై 2 మిల్లీయాంపుల కరెంటును 20 నిమిషాలు ఇస్తే, కనీస స్పృహలో ఉన్న 30 మందిలో 13 మందిలో మార్పు కనిపించింది. పెద్ద ప్రమాదాలేవీ లేవు. దీన్ని పునరావాస చికిత్సలో ఇప్పుడే ఎందుకు చేర్చకూడదు?

గణాంకాల_బల్ల:
ఆ 13తోపాటు అదే అధ్యయనంలోని ఇంకో సంఖ్య కూడా చెప్పాలి. వెజిటేటివ్ స్థితిలో (కళ్లు తెరిచినా స్పృహ గుర్తులేవీ లేని స్థితి) ఉన్న 25 మందిలో స్పందించింది ఇద్దరే. పైగా అది ఒక్క సెషన్ తర్వాత చూసిన మార్పు. తర్వాత నాలుగు వారాలపాటు 20 సెషన్లు ఇచ్చి, 62 మందితో పలు కేంద్రాల్లో చేసిన ప్రయోగంలో మొత్తం గుంపును తీసుకుంటే అసలు కరెంటుకూ ఉత్తుత్తి కరెంటుకూ తేడా తేలలేదు. మూడు నెలల తర్వాత కనీస స్పృహవారిలో, తల దెబ్బవారిలో మెరుగు కనిపించింది. అది తర్వాతి ప్రయోగానికి మంచి ఆధారం. ఇవాళే చీటీ రాయడానికి మాత్రం చాలదు.

ఇంకో మాట. 2012లో తల దెబ్బతో ఇలాంటి స్థితిలో ఉన్న 184 మందితో నాలుగు వారాలు అమాంటడిన్ మాత్రను పరీక్షించారు. కోలుకునే వేగం నిజంగానే పెరిగింది, మందు ఆపగానే తగ్గింది. ఆ మాత్ర సరైన మోతాదులో ఇచ్చి చూశారా అని అడగకుండా కరెంటు దగ్గరికి వెళ్లడం తలకిందుల వరుస.

ఈఈజీ_గది:
మీరిద్దరూ ఒక మెట్టు దాటేశారు. రోగి ఏ స్థితిలో ఉన్నాడో సరిగ్గా తేల్చారా? 2009 నాటి పోలికలో, వైద్య బృందం వెజిటేటివ్ అని ఒప్పుకున్న 44 మందిలో 18 మందికి సీఆర్ఎస్-ఆర్ పరీక్షలో (మంచం దగ్గర స్పందనలు చూసి మార్కులు వేసే పరీక్ష) స్పృహ గుర్తులు దొరికాయి. అంటే 41 శాతం. ఆ పరీక్షలో ఆరు విభాగాలు, మొత్తం 23 మార్కులు. ఒక్కసారి చేస్తే చాలదు, కొద్దిరోజుల్లోనే కనీసం ఐదుసార్లు చేయాలి. పడుకోబెట్టి కాదు, వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి. చూపు కదలికకు వేలు, టార్చి వద్దు, అద్దం పట్టాలి. మన ముఖం మనకు కనిపిస్తే చూపు దాని వెంట పోతుంది. ఆజ్ఞలు రోగి ఇంటి భాషలోనే ఇవ్వాలి, వీలైతే ఇంటివారి గొంతుతో.

అంతకు ముందే మందుల చీటీ చూడాలి. కండరాల బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్, మూర్ఛ మందులు, రాత్రి ఇచ్చిన మత్తు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఏదైనా మార్కులు తగ్గిస్తుంది. ఒకే రోగికి పొద్దున, సాయంత్రం మార్కులు మారుతుంటే కరెంటు వల్ల వచ్చిన రెండు మార్కుల తేడాను ఎలా నమ్ముతాం?

బయటికి స్పందన కనిపించకపోతే లోపల ఏమీ లేదనుకోవడమూ తప్పే. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మంచం దగ్గర ఆజ్ఞలకు స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) లేదా ఎఫ్ఎంఆర్ఐలో (మెదడు పనిని చూపే స్కాన్) ఆజ్ఞలను పాటించాయి.

న్యూరోసర్జరీ_వార్డు:
ఈఈజీ_గది గారు చెప్పినది ముందు జరగాలి. ఆ తర్వాత పుర్రె సంగతి. ఒత్తిడి తగ్గించడానికి ఎముక తీసేసినవాళ్లు మన వార్డుల్లో ఎక్కువ. ఎముక కరెంటును అడ్డుకుంటుంది. అది లేని చోట కరెంటు అంతా అటే పోతుంది, లెక్క వేసిన మోతాదు లెక్క తప్పుతుంది. టైటానియం పలక ఉన్నా దారి మారుతుంది. కాబట్టి టీడీసీఎస్ స్పాంజి పెట్టే ఎఫ్3 స్థానం (ఎడమ ముందుమెదడుపై నెత్తిమీద గుర్తించే చోటు) కింద ఎముక లేకపోతే పెట్టకూడదు. మూర్ఛలు అదుపులో లేకపోయినా, పేస్‌మేకర్ ఉన్నా వద్దు.

మెదడు లోపల ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ అయితే ఇంకా కష్టం. దెబ్బ తిన్న మెదడు కుంచించుకుపోయి వెంట్రికల్స్ (మెదడులోని ద్రవపు గదులు) ఉబ్బి ఉంటాయి. మెదడు పటం చూపే చోట థాలమస్ ఉండదు, మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం సరే సరి. ఇటలీ బృందం 40 మందిని పరిశీలించి చివరికి ముగ్గురికే చేసింది. హైదరాబాద్‌లో పార్కిన్సన్స్‌కు డీబీఎస్ చేస్తున్నారు కదా, ఇదీ అదే పరికరమే కదా అనే వాదన నిలవదు. అక్కడ లక్ష్యం తెలుసు, ఫలితం రోగి తానే చెబుతాడు.

ఫిజియో_గుంటూరు:
పుర్రె గురించిన మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను. చేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక: టీడీసీఎస్‌లో పొరపాట్లు ఎక్కువగా స్పాంజి దగ్గరే జరుగుతాయి. 35 చదరపు సెంటీమీటర్ల స్పాంజిని నార్మల్ సెలైన్‌లో తడపాలి, కుళాయి నీళ్లలో కాదు. ఎండితే చర్మం కాలుతుంది. మరీ తడిస్తే నీరు జుట్టులోంచి పారి కరెంటు పక్కకు జారుతుంది. యానోడ్ (ధన ధ్రువం) ఎఫ్3పై, కాథోడ్ (రుణ ధ్రువం) కుడి కనుబొమ్మ పైన. టేపుతో కొలవకుండా కంటి అంచనాతో పెడితే ఎటో పోతుంది. పుండు, కుట్లు ఉన్నచోట అసలు పెట్టకూడదు. పనితీరు తెలిసినవాళ్లు చేస్తే ఇది మంచం పక్కనే చేయగల పని.

గణాంకాల_బల్ల:
పని సులువైతే ప్రయోజనం ఉన్నట్టు కాదు కదా. 2023లో షిఫ్ బృందం మళ్లీ థాలమస్ ఉద్దీపన ఫలితాలు ప్రకటించింది. ఐదుగురిలో శ్రద్ధను కొలిచే ట్రైల్ మేకింగ్ పరీక్షకు పట్టిన సమయం సగటున 32 శాతం తగ్గింది. గొప్ప ఫలితమే, కానీ వాళ్లు మంచాన ఉన్నవారు కారు. కోలుకుని, తమ సమ్మతి తామే ఇచ్చినవారు. ఈ వార్త చూసి కనీస స్పృహ రోగి బంధువులకు ఆశ చూపించడం అన్యాయం.

ఈఈజీ_గది:
ఆశ చూపించకుండా కూడా దారి ఉంది. ఒక్కో రోగికీ కరెంటు ఆన్, ఆఫ్ వారాలు ముందే నిర్ణయించి, మార్కులు వేసేవాళ్లకు ఏ వారం ఏదో తెలియకుండా చేయాలి. 2007 కేసులోనూ ఆరు నెలలు ఆన్, ఆఫ్ మార్చి చూశారు. ఆఫ్‌లో పెట్టినా ఆన్ ప్రభావం కొంత మిగిలిందని గుర్తుంచుకోండి. అందుకే మధ్యలో ఖాళీ వారాలుండాలి.

న్యూరోసర్జరీ_వార్డు:
ఎప్పుడు ఆపాలో మొదటి రోజే కాగితంపై రాసి కుటుంబంతో సంతకం పెట్టించాలి. లేకపోతే ఎవరూ ఆపరు. "ఇంకో వారం" అంటూ అప్పు చేస్తూ పోతారు.

ఫిజియో_గుంటూరు:
రాద్దాం. ముందు ఐదు పరీక్షలు, తర్వాత 20 సెషన్లు, మళ్లీ ఐదు పరీక్షలు, మార్పు లేకపోతే ఆపడం. అమాంటడిన్ ఇచ్చి చూశాకే. ఈ షరతులన్నిటికీ ఒప్పుకుంటాను. కానీ పుర్రె నిండుగా ఉండి, మూర్ఛ లేక, అద్దం వెంట కళ్లు తిప్పుతున్న మనిషిని తర్వాతి ప్రయోగం ముగిసేదాకా ఆగమనడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేను.