సైకిల్ నంబరు ‘చెక్కారు’ అనాలా, ‘గుద్దారు’ అనాలా?

మా తాతయ్య తొక్కిన ర్యాలీ కంపెనీ సైకిల్ గురించి వ్యాసం రాస్తూ “సీటు కింద గొట్టం మీద చెక్కిన నంబరు” అన్నాను. సైకిల్ బాగుచేస్తున్న మెకానిక్ అది చదివి “చెక్కింది కాదు సార్, గుద్దింది” అన్నారు. రెండూ ఒకటే కాదా?

— ఒకటి కాదండీ. చెక్కితే లోహం తెగి రజను రాలుతుంది. గుద్దితే ఏమీ రాలదు, పక్కకు ఒత్తుకుంటుందంతే. కంపెనీలో అంకె ఉన్న ఉక్కు అచ్చును గొట్టం మీద ఆనించి దెబ్బ కొడతారు. అందుకే అంకె చుట్టూ అంచు కాస్త ఉబ్బి వేలికి తగులుతుంది. రంగు ఆ తర్వాతే వేస్తారు కాబట్టి అది గాడి లోపలికి దిగి ఉంటుంది. తర్వాతెవరో గీసిన నంబరైతే రంగు తెగి ఇనుము బయటపడుతుంది (మళ్ళీ రంగేసిన బండిలో ఈ గుర్తు చెల్లదు). ‘చెక్కిన’ అని రాస్తే తెలిసినవాళ్ళు నంబరు మార్చారని అనుమానపడతారు. పచ్చబొట్టు పొడుస్తాం, శాసనం చెక్కుతాం, ముద్ర గుద్దుతాం. పనిని బట్టి క్రియ మారడం మన భాషలో మొదటినుంచీ ఉన్నదే.

— నేనుండేది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, ర్యాలీ కంపెనీ పుట్టిన ఊరు. ఇక్కడ కొన్న పాత బండి వెనక హబ్బు (చక్రం మధ్య భాగం) మీద, దాన్ని చేసిన ‘స్టర్మీ ఆర్చర్’ కంపెనీ పేరుతోపాటు 52, 7 అని గుద్ది ఉంది. అంటే 1952 జూలై. కానీ అది హబ్బు పుట్టిన నెల. చక్రం మార్చి ఉంటే ఫ్రేము వయసు వేరు. నాకు తెలియాల్సింది ఇంకో మాట. హ్యాండిల్ కింద ముందువైపు బిగించే కొంగ తల బొమ్మ రేకును తెలుగులో ఏమంటారు?

— బిళ్ళ! వేరే మాట వెతకనక్కర్లేదు. ఇత్తడి బిళ్ళ తగిలించుకునే ఆఫీసు జవానును బిళ్ళబంట్రోతు అనేవాళ్ళం కదా. జడబిళ్ళ, పాపిటబిళ్ళ కూడా పైన అమర్చేవే. మూడు తుపాకులు నిలబెట్టిన బీఎస్ఏ సైకిల్ గుర్తునూ నేను తుపాకుల బిళ్ళ అనే అంటాను. బర్మింగ్‌హామ్‌లో అది మొదట తుపాకుల కంపెనీయే. స్టిక్కర్‌ని మాత్రం బిళ్ళ అనకండి, అది అంటించేది.

— అందరికీ ధన్యవాదాలు. వాక్యం మార్చాను: “సీటు కింద గుద్దిన నంబరు, ముందు కొంగబిళ్ళ.” మెకానిక్‌కి చదివి వినిపిస్తాను.