గుంటూరు సర్కారు అప్పగింత, 1788: గవర్నర్ కాంప్‌బెల్ ఉత్తరాలు ఎక్కడ వెతకాలి?

1786 నుంచి 1789 దాకా మద్రాసు గవర్నర్‌గా ఉన్న సర్ ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ మీద వ్యాసం రాస్తున్నాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మసాచుసెట్స్‌లో ఖైదీగా ఉండి, బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కిన అమెరికన్ అధికారి ఈథన్ ఆలెన్‌కు బదులుగా విడుదలై, 1778 డిసెంబరులో సవన్నాను పట్టుకున్న స్కాట్లండ్ సైనికాధికారి. తర్వాత జమైకా గవర్నర్. ఇంతవరకు సులువుగానే దొరికింది.

చిక్కంతా గుంటూరు దగ్గరే. ఈస్టిండియా కంపెనీకీ హైదరాబాద్ నిజాంకీ మధ్య కుదిరిన 1768 ఒప్పందం ప్రకారం ఆ సర్కారు (అంటే ఆ జిల్లా) నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం ఆయనది, తర్వాత కంపెనీది. ఆయన 1782లో పోయినా, నిజాం దాన్ని కంపెనీకి వదిలింది 1788లో. నాకు దొరికిన పుస్తకాలన్నీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ గురించో, కంపెనీ దూతగా హైదరాబాద్ వెళ్లిన కెన్నవే గురించో చెబుతాయి. పక్కనే మద్రాసులో ఉన్న గవర్నర్ ఊసే లేదు, విచిత్రం!

ఆన్‌లైన్‌లో పేరు కొడితే బర్మా యుద్ధం నడిపిన ఇంకో ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ (పుట్టింది 1769లో) వచ్చిపడుతున్నాడు. బ్రిటిష్ లైబ్రరీ కేటలాగ్‌లో 1788 పెట్టి, గుంటూరుకు పాత స్పెల్లింగులన్నీ మార్చి మార్చి చూశాను. పనికొచ్చేది తగల్లేదు.

చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: గుంటూరు అప్పగింతపై కాంప్‌బెల్ రాసిన ఉత్తరాల కోసం అక్కడ ముందుగా ఏ విభాగం రికార్డులు అడగాలి?