చిన్న యూనిట్లకు ఉచిత సలహా హైదరాబాదులో అసలు ఎక్కడ దొరుకుతుంది?

మల్లాపూర్ కుట్టు యూనిట్:
గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి కాగితాలు ముందు వేసుకుని, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, పని ఒక్క అడుగు ముందుకు పడలేదు. చిన్న వ్యాపారులకు ప్రభుత్వం ఉచితంగా సలహాలు ఇస్తుందని చదువుతూనే ఉంటాం, కానీ ఆ సలహా ఎవరిస్తారో, ఎక్కడ కూర్చుని ఇస్తారో చెప్పేవారు కనిపించడం లేదు. వెతికితే వచ్చిన వెబ్‌సైట్లన్నీ ముందు ఫోను నంబరు అడుగుతున్నాయి, నంబరు ఇచ్చిన కాసేపటికే ఎవరో ఫోను చేసి రుసుము చెబుతున్నారు. ఒక కార్యాలయానికి వెళితే మీ యూనిట్ మా పరిధిలోకి రాదన్నారు, మరి ఎవరి పరిధిలోకి వస్తుందని అడిగితే సమాధానం లేదు. నాకు అప్పు వద్దు, సబ్సిడీ వద్దు. అనుభవమున్న మనిషి ఒక అరగంట నా కాగితాలు చూసి, తర్వాత ఏం చేయాలో చెబితే చాలు. దయచేసి దారి చూపించండి.

బాలానగర్ లేత్:
డీఐసీకి, అంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళండి.

మల్లాపూర్ కుట్టు యూనిట్:
పరిధి కాదని పంపేసింది అలాంటి కార్యాలయమేనండి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కాటేదాన్ ప్యాకింగ్:
అమ్మా, మీకు వచ్చిన ఆ ఫోన్ల గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే మా వాడలో చాలామంది దీనివల్లే నష్టపోయారు. చిన్న సంస్థలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషను 2020 జూలై 1 నుంచి అమలులో ఉంది, దానికి ఒక్క రూపాయి కూడా రుసుము లేదు. ఆధార్, పాన్ ఉంటే కాగితాలేవీ అప్‌లోడ్ చేయకుండానే పూర్తవుతుంది, రెన్యువల్ అనే మాటే లేదు. అయినా ప్రభుత్వ చిహ్నంలాంటి బొమ్మ, ఆ రంగులే పెట్టుకుని, రిజిస్ట్రేషనుకు ఇంత, రెన్యువల్‌కు ఇంత, సర్టిఫికెట్ ప్రింటుకు ఇంత అని వసూలు చేసే ప్రైవేటు సైట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ గానీ, ఎన్ఐసీ డాట్ ఇన్ గానీ లేకపోతే అది ప్రభుత్వ సైటేనా అని అనుమానించాలి. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్‌లో అమ్మకందారుగా నమోదు కావడానికీ ఏజెంట్లు డబ్బు అడుగుతున్నారు, అదీ ఉచితమే. ఆహార పదార్థాల యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ పథకంలో దరఖాస్తు దగ్గర నుంచి బ్యాంకు వరకు వెంట ఉండి సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వారి పారితోషికం పథకమే ఇస్తుంది కాబట్టి లబ్ధిదారు వారికి ఏమీ చెల్లించనక్కరలేదు. ఈ సంగతి తెలియక కమీషన్లు ఇచ్చుకుంటున్న పచ్చళ్ళ యూనిట్ల వారిని చూస్తే మనసు కష్టపడుతుంది.

మల్లాపూర్ కుట్టు యూనిట్:
ధన్యవాదాలండి, కానీ నాకు ఉద్యమ్ ఉంది. నాది ఆహార పదార్థాల యూనిట్ కాదు.

పరిశ్రమల శాఖ విశ్రాంత ఉద్యోగి:
అమ్మా, మీ సమస్య ఏమిటో మీరు ఇంకా చెప్పలేదు. ఉచిత సలహా అన్నది ఒకే చోట దొరికేది కాదు, సమస్యను బట్టి వెళ్ళవలసిన చోటు మారుతుంది. యంత్రం, డిజైను, నాణ్యతకు సంబంధించినదైతే ఒక చోటు, అప్పు అయితే ఇంకొకటి, రావలసిన బాకీ అయితే మరొకటి. పరిధి సంగతి మాత్రం మీ పేరు చూసి చెప్పగలను. మల్లాపూర్ హైదరాబాద్ జిల్లాలో లేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగిన తర్వాత మల్లాపూర్, నాచారం, బాలానగర్, జీడిమెట్ల మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి, కాటేదాన్ రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. నగరంలో ఉంటూ నగరం పేరున్న జిల్లా కార్యాలయానికి వెళ్ళి వెనక్కి తిరిగివచ్చేవారు ఎప్పుడూ ఉంటారు, అది వారి తప్పు కాదు, తలుపు దగ్గరే ఆ ఒక్క మాట చెప్పవలసిన బాధ్యత కార్యాలయానిది. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళండి. దానితోపాటు బాలానగర్ నర్సాపూర్ చౌరస్తాలో కేంద్ర ప్రభుత్వ ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి, సదుపాయ కార్యాలయం ఉంది. పాతవారు దాన్ని ఇప్పటికీ పాత పేరు ఎస్ఐఎస్ఐని బట్టి సిసి అనే పిలుస్తారు. సలహాలు ఇవ్వడమే దాని పని. ఇక మీ సమస్య ఏమిటో చెప్పండి.

మల్లాపూర్ కుట్టు యూనిట్:
ఒక ప్రైవేటు ఆసుపత్రికి నర్సుల యూనిఫారాలు, ఆపరేషను గౌన్లు, బెడ్‌షీట్లు ఇచ్చాను. నెలలు గడిచాయి, బిల్లు డబ్బు రాలేదు. ఎప్పుడు అడిగినా అకౌంట్స్ విభాగానికి పంపాం అంటున్నారు. కుట్టేవారికి నేను వారం వారం కూలి ఇవ్వాలి, వాళ్ళు ఆగలేరు కదా. లాయరు నోటీసు పంపాలంటే ఎంతవుతుందో అడిగాను, నా వల్ల కాదు. అందుకే ఉచిత సలహా అని వెతుకుతున్నాను.

లెక్కల పుస్తకం:
ఇదే నేను చెప్పబోతున్నది. మన చిన్న యూనిట్లకు అసలు జబ్బు జీఎస్టీ అర్థం చేసుకోకపోవడం. ఇన్వాయిస్ ఇస్తే ఆ కాలపు లెక్కలోనే మీరు పన్ను చూపించి కట్టాలి, కొన్నవారు డబ్బు ఇచ్చారా లేదా అన్నది ప్రభుత్వం చూడదు. కానీ ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా కొన్నవారు మీకు చెల్లించకపోతే, వారు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను, అంటే మీ బిల్లులోని పన్నును తమ పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని, వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఆ సంగతి వారి అకౌంట్స్ విభాగానికి ఒక ఉత్తరంలో రాయండి, కదలిక వస్తుంది. ఇన్వాయిస్ నంబర్లు వరుసగా ఉన్నాయా, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు జతచేశారా, సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్లు సరిగ్గా వేశారా అన్నది కూడా చూసుకోండి. లెక్కలు సరిగ్గా లేకుండా ఎవరి సలహా తీసుకున్నా ప్రయోజనం లేదు.

కాటేదాన్ ప్యాకింగ్:
లెక్కల పుస్తకం గారూ, కొన్నది ఆసుపత్రి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, వారు చాలావరకు ఆ క్రెడిట్ తీసుకునే ప్రశ్నే రాదు. తీసుకోనిదాన్ని వెనక్కి కట్టడమేమిటి?

లెక్కల పుస్తకం:
పన్ను పడే ఫార్మసీ అమ్మకాలు ఉంటాయి కదా. నేను సూత్రం చెప్పాను, సూత్రం తప్పు కాదు.

బేగంబజార్ హోల్‌సేల్:
45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టమే ఉంది. ఉద్యమ్ ఉంటే ఎవరికైనా వర్తిస్తుంది. ప్రభుత్వ పోర్టల్‌లో కేసు వేయండి, అయిపోతుంది.

పరిశ్రమల శాఖ విశ్రాంత ఉద్యోగి:
ఎవరికైనా వర్తిస్తుందనడం సరికాదు, ఈ మాట నమ్మి చాలామంది తర్వాత నిరాశపడుతున్నారు. టోకు, చిల్లర వ్యాపారులను 2021 జూలైలో ఉద్యమ్‌లో నమోదుకు అనుమతించారు, కానీ ప్రాధాన్య రంగ రుణాల కోసం మాత్రమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ ఉత్పత్తి చేసేవారికి, సేవలు అందించేవారికి, అందులోనూ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్యతరహా సంస్థకు కూడా లేదు. 45 రోజులన్నది కూడా గరిష్ఠ పరిమితి. రాతపూర్వక ఒప్పందంలో గడువు రాసుకుంటే అది 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో గడువే లేకపోతే సరుకు స్వీకరించిన తర్వాత 15 రోజుల్లోనే చెల్లించాలి.

బేగంబజార్ హోల్‌సేల్:
మేము మాత్రం వ్యాపారులం కాదా? పన్నులు కట్టడం లేదా? మా బాకీలు ఎవరు వసూలు చేస్తారు?

పరిశ్రమల శాఖ విశ్రాంత ఉద్యోగి:
మీ ఆవేదన న్యాయమైనదే, కానీ ఉన్న నిబంధనను ఉన్నట్టు చెప్పకపోతే ఈ అమ్మాయికి నష్టం. అమ్మా, మీ విషయానికి వస్తాను.

2006 ఎంఎస్ఎంఈడీ చట్టంలో 15వ సెక్షను గడువు చెబుతుంది, 16వ సెక్షను వడ్డీ చెబుతుంది. ఆ వడ్డీ రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీగా. బ్యాంకు రేటు ఆరు శాతం ఉందనుకుంటే వడ్డీ పద్దెనిమిది శాతం అవుతుంది. 18వ సెక్షను కింద సూక్ష్మ, చిన్న సంస్థల సదుపాయ మండలికి ఫిర్యాదు చేయవచ్చు, దానికి ప్రభుత్వ పోర్టల్‌లో మీరే దరఖాస్తు నింపవచ్చు, లాయరు అక్కరలేదు. కొన్నవారు దేశంలో ఎక్కడున్నా, అమ్మినవారు ఉన్నచోటి మండలికే విచారణ అధికారం ఉంటుంది. మండలి మొదట రాజీకి ప్రయత్నిస్తుంది, అది కుదరకపోతే మధ్యవర్తిత్వ విచారణకు వెళుతుంది. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొన్నవారు ముందుగా తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు మీ దగ్గర చూడవలసినవి. ఉద్యమ్ సర్టిఫికెట్‌లో ప్రధాన కార్యకలాపం అన్న చోట ఏముందో చూడండి, ఉత్పత్తి అని ఉండాలి. రిజిస్ట్రేషను తేదీ సరుకు ఇచ్చిన తేదీ కంటే ముందుందా అన్నది అంతకంటే ముఖ్యం. నమోదుకు ముందు ఇచ్చిన సరుకుకు ఈ రక్షణ కోరలేరని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆ ప్రశ్న మళ్ళీ పైధర్మాసనం ముందుకు వెళ్ళింది కూడా. ఇక డెలివరీ చలాను. స్టోర్సు విభాగం ముద్ర, సంతకం, తేదీ ఉన్న కాపీ మీ దగ్గర ఉండాలి. సరుకు అందిన 15 రోజుల్లో వారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, స్వీకరించినట్టే చట్టం భావిస్తుంది. ఆ ముద్ర లేని చలాను పట్టుకుని మండలి ముందు నిలబడినవారి పరిస్థితి నేను దగ్గరగా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లాయరు ఖర్చు అన్నారు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 కింద మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. యూనిట్ మీ సొంత పేరు మీద ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, 15100కు ఫోను చేసినా చెబుతారు. నోటీసు రాయించుకోవడానికి అది సరిపోతుంది.

లెక్కల పుస్తకం:
ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అని అందరూ పిలిచే నిబంధన కూడా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి బాకీ పెడితే, కొన్నవారు నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఆ ఖర్చును తమ లెక్కల్లో చూపుకోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఆ సంగతి రాసి ఆసుపత్రికి ఒక ఉత్తరం పెట్టండి.

కాటేదాన్ ప్యాకింగ్:
ఆ ఆసుపత్రి ట్రస్టు పేరిట ఉండి పన్ను మినహాయింపు పొందుతుంటే, ఆ ఉత్తరానికి భయపడేవారు ఎవరూ ఉండరు. ముందు అది కంపెనీయా, ట్రస్టా అన్నది బిల్లు మీద చూడమనండి.

మల్లాపూర్ కుట్టు యూనిట్:
ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ నమస్కారం. సర్టిఫికెట్ చూశాను, తేదీ సరుకు ఇచ్చినదానికంటే ముందే ఉంది, ఉత్పత్తి అనే ఉంది. చలానుల మీద స్టోర్సు వారి ఊదారంగు ముద్ర, సంతకం ఉన్నాయి, ఒక్కదాని మీద మాత్రం తేదీ వేయలేదు. ఆర్డరు వాట్సాప్‌లోనే వచ్చింది, గడువు అని ఏమీ రాయలేదు. ఇంకో సంగతి, బెడ్‌షీట్లు నేను కుట్టినవి కావు, టోకున కొని ఆసుపత్రి పేరు ముద్ర వేయించి ఇచ్చాను. బిల్లు అన్నిటికీ కలిపి ఒకటే.

బేగంబజార్ హోల్‌సేల్:
అయితే మీరూ కొంతవరకు మాలాంటి వ్యాపారులే.

పరిశ్రమల శాఖ విశ్రాంత ఉద్యోగి:
బెడ్‌షీట్ల సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది. యూనిఫారాలు, గౌన్ల భాగం స్పష్టంగా మీ ఉత్పత్తి. కొని తెచ్చిన షీట్ల మీద ముద్ర వేయించినంత మాత్రాన ఉత్పత్తి అవుతుందా అన్న దాని మీద అవతలివారు తప్పకుండా వాదిస్తారు. రెండు భాగాల మొత్తాలనూ విడివిడిగా పట్టికగా రాసుకుని బాలానగర్ కార్యాలయానికి తీసుకెళ్ళి, సరిగ్గా ఈ ప్రశ్నే అడగండి. వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి, తేదీలు కనిపించేలా ప్రింటు తీయించండి. తేదీ లేని చలానుకు ఈ-వే బిల్లు గానీ, ఆటో రసీదు గానీ జతచేయండి.

కాటేదాన్ ప్యాకింగ్:
బట్ట కొని కుట్టడం ఉత్పత్తి అయినప్పుడు, షీటు కొని ముద్ర వేయించడం ఎందుకు కాదు? కనీసం సేవ కిందికైనా రావాలి కదా.

లెక్కల పుస్తకం:
హెచ్ఎస్ఎన్ కోడ్ మారలేదు, కాబట్టి సరుకు మారలేదు.

కాటేదాన్ ప్యాకింగ్:
పన్ను కోడ్‌కు, ఈ చట్టానికి సంబంధం ఏమిటండీ?

మల్లాపూర్ కుట్టు యూనిట్:
సోమవారం బాలానగర్ వెళుతున్నాను. ఆటో రసీదు దొరికింది. ధన్యవాదాలు.