ఎంబీఏలో ఎంఐఎస్ పేపర్: నిర్వచనాలు దాటి ఏం చెప్పాలి, ల్యాబ్ ఎలా నడపాలి?

చాక్‌పీస్
ఎంబీఏ రెండో సెమిస్టర్‌కి ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) చెప్పాలి. 60 మంది సెక్షన్, సగానికి పైగా బీకామ్, మిగతావాళ్లు బీటెక్. మొత్తం 45 గంటలు. ల్యాబ్‌లో 30 మెషీన్లు; నెట్ ఉంది కానీ నమ్ముకోలేం. సిలబస్ టీపీఎస్ (రోజువారీ లావాదేవీల సిస్టమ్), డీఎస్ఎస్ (నిర్ణయాలకి సాయపడే సిస్టమ్) పిరమిడ్‌తో మొదలై ఈఆర్పీ (కొనుగోలు, స్టోర్స్, అకౌంట్స్ అన్నీ కలిసి నడిచే సాఫ్ట్‌వేర్), సెక్యూరిటీ దగ్గర ఆగుతుంది. పిరమిడ్ బొమ్మ వేస్తే బీటెక్ వాళ్లకి నిద్ర, సర్వర్ అనగానే బీకామ్ వాళ్లకి భయం. ఇద్దరూ కలిసి కూర్చుని చేసే పని కావాలి, అంకెలతో సహా. ‘క్లాసు ఇంటరాక్టివ్‌గా ఉండాలి’ లాంటి సలహాలు వద్దు, దండం పెడతా.

లెడ్జర్ లింగం
ఈఆర్పీని స్లైడ్ల మీద చెప్పకండి. ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ముంబై వాళ్లది. మీ 30 మెషీన్లకి లెక్క సరిగ్గా కుదిరింది: అయిదుగురి జట్లు ఆరు, ఒక్కో మెషీన్‌కి ఒక కుర్చీ. రెండు బ్యాచ్‌లు. కుర్చీలు ఇవి: ఇండెంట్ పెట్టేవారు, కొనుగోలు గుమస్తా, కొనుగోలు మేనేజర్, స్టోర్స్, అకౌంట్స్.

లావాదేవీ ఒక్కటే. 100 దుప్పట్లు, ఒక్కోటి 450 రూపాయలకి ఆర్డర్. స్టోర్స్‌కి చేరినవి 92. బిల్లు మాత్రం 100కి వచ్చింది, అదీ 465 చొప్పున. ఆర్డర్, చలానా, బిల్లు మూడూ ముందే ప్రింట్ తీసి ఎవరి కాగితం వాళ్లకే ఇవ్వండి. పక్కవాళ్లది చూడకూడదు.

మొదటి విడతలో బయింగ్ సెట్టింగ్స్‌లో మూడు కట్టడులూ తీసేసి ఉంచండి: ఇన్‌వాయిస్‌కి ఆర్డర్ తప్పనిసరి, రిసీట్ (సరుకు చేరినట్టు స్టోర్స్ ఎక్కించేది) తప్పనిసరి, కొనుగోలు అంతటా ఒకే రేటు. అకౌంట్స్ కుర్చీలో ఉన్నవాళ్లు చేతిలో బిల్లు చూసి నేరుగా ఇన్‌వాయిస్ కొడతారు. 46,500 వెళ్లిపోతుంది. ఇవ్వాల్సింది 92 × 450 = 41,400. తేడా 5,100 ఎక్కడుందో వెతకమనండి. ‘స్టాక్ రిసీవ్డ్ బట్ నాట్ బిల్డ్’ (సరుకు వచ్చింది, బిల్లు రాలేదు) ఖాతాలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని పట్టేది బీకామ్ వాళ్లే. బీటెక్ వాళ్లు అప్పటికి స్క్రీన్లు తిరగేస్తూ ఉంటారు.

రెండో విడతలో మూడు కట్టడులూ పెట్టి అదే బిల్లు మళ్లీ ఎక్కించమనండి. సిస్టమ్ ఆపేస్తుంది. అసలు క్లాసు ఇక్కడ మొదలవుతుంది. ఈ మూడు టిక్కులు మార్చే అధికారం ఎవరి దగ్గర ఉండాలి, ఐటీ దగ్గరా ఫైనాన్స్ దగ్గరా? రూపాయి తేడాకి కూడా బిల్లు ఆగిపోతే సరఫరాదారు ఊరుకుంటాడా? రేటు కట్టడికి ‘ఆపు’ అనే మాటే కాదు, ‘హెచ్చరించు’ అని కూడా ఉంది. ఏది ఎప్పుడు పెట్టాలో ఒక్క పేజీలో రాయించండి. ఐటీ మేనేజ్‌మెంట్ అంటే ఆ పేజీయే.

సమయం రెండు గంటల చొప్పున రెండు సెషన్లు. మొదటిదాంట్లో 40 నిమిషాలు లాగిన్‌కీ, ఏ స్క్రీన్ ఎక్కడుందో తెలుసుకోవడానికీ పోతాయి. ముందే లెక్కలో వేసుకోండి.

బొబ్బిలి బైట్
పైదానికి ఇంకొన్ని, ఎందుకంటే ఈ ల్యాబ్ చెడితే సరిగ్గా ఈ చోట్లే చెడుతుంది.

అందరికీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తే అంతే సంగతులు. చరిత్ర అంతా ఒకే పేరు మీద పడుతుంది, ‘ఎవరు ఆమోదించారు’ అన్న ప్రశ్నకి జవాబే ఉండదు. ఒక్కో కుర్చీకి ఒక్కో యూజర్, ఆ కుర్చీకి తగిన రోల్ మాత్రమే.

ఒకే సైట్‌లో ఆరు కంపెనీలు పెట్టకండి. ఐటమ్ మాస్టర్ అందరికీ ఉమ్మడి. ఒక జట్టు దుప్పటి యూనిట్ మారిస్తే అయిదు జట్లకీ తగులుతుంది. జట్టుకో సైట్ పెట్టి, ల్యాబ్‌కి ముందు బ్యాకప్ తీసి ఉంచండి. రెండో బ్యాచ్ వచ్చేలోపు దాన్నే రీస్టోర్ చేస్తే సరి.

జీఎస్టీ మొదటి రోజే తెచ్చిపెట్టుకోవద్దు. ఇండియా కంప్లయన్స్ యాప్ వేస్తే ఊహించి రాసిన జీఎస్టీ నంబర్‌ని ఒప్పుకోదు, చివరి చెక్ అంకె దగ్గర పట్టేస్తుంది. అరగంట అక్కడే కరిగిపోతుంది.

సబ్మిట్ అయిన డాక్యుమెంట్‌ని దిద్దలేకపోతున్నాం అని గోల చేస్తారు. చేయనివ్వండి. క్యాన్సిల్ చేసి అమెండ్ చేయాలి, అదీ వెనక నుంచి: ముందు పేమెంట్, తర్వాత ఇన్‌వాయిస్, ఆ తర్వాత రిసీట్. ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న జాడ) గురించి వేరే లెక్చర్ అక్కర్లేదు.

చాక్‌పీస్
నెట్ పోతే?

బొబ్బిలి బైట్
ల్యాబ్‌లోనే ఒక మెషీన్ మీద వేయండి, 16 జీబీ ర్యామ్ ఉంటే నయం. మిగతావి ల్యాన్‌లో బ్రౌజర్‌తో తెరుస్తాయి. నెట్ కావాల్సింది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే. యూపీఎస్ మాత్రం ఆ ఒక్క మెషీన్‌కి తప్పనిసరి.

రూపాయి లెక్క
ల్యాబ్ బాగుంది కానీ ఎంబీఏ వాడు రేపు ఉద్యోగంలో బటన్లు నొక్కడు, కొటేషన్ల మీద సంతకం పెడతాడు. కాబట్టి అయిదేళ్ల ఖర్చు లెక్క చేయించండి. అభ్యాసం కోసం నాలుగు బ్రాంచీల బట్టల షోరూమ్ అనుకుందాం, 40 మంది యూజర్లు.

క్లౌడ్‌లో యూజర్‌కి నెలకి 900. 40 × 900 × 12 అంటే ఏడాదికి 4.32 లక్షలు, అయిదేళ్లకి 21.6 లక్షలు.

సొంత సర్వర్ అయితే సర్వర్, యూపీఎస్ 6 లక్షలు. లైసెన్స్ 5 లక్షలు. లైసెన్స్ మీద 18 శాతం ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ రుసుము) రెండో ఏడాది నుంచి, అంటే 3.6 లక్షలు. ఇంతవరకు 14.6 లక్షలు. చాలా జట్లు ఇక్కడే ఆగిపోయి ‘సొంతదే చవక’ అని తేల్చేస్తాయి. సర్వర్ చూసుకునే మనిషికి జీతంలో సగం వాటా నెలకి 20,000 చొప్పున 12 లక్షలు, కరెంటు, ఏసీ నెలకి 8,000 చొప్పున 4.8 లక్షలు. మొత్తం 31.4 లక్షలు. తీర్పు తిరగబడింది.

అప్పుడు ఇంకో మలుపు ఇవ్వండి: మూడో ఏడాది నుంచి యూజర్లు 70. క్లౌడ్ మొదటి రెండేళ్లు 8.64, తర్వాత మూడేళ్లు 22.68, కలిపి 31.32 లక్షలు. రెండూ సమానమైపోయాయి. ఇక ధరతో తేలదు, వేరే కారణాలు మాట్లాడాలి: డేటా బయటికి తీసుకునే హక్కు, ధర పెంచడానికి పరిమితి, కాంట్రాక్ట్ వదులుకుంటే ఎన్ని రోజుల గడువు.

సర్వర్ గది
చిన్న అభ్యంతరం. 70 మందికి 40 మంది లైసెన్స్‌తోనే నడిపేశారు మీరు. సొంత లైసెన్స్ కూడా యూజర్ లెక్కనే అమ్మితే మూడో ఏడాది అక్కడా పెరగాలి. పైగా సొంతదాంట్లో 11 లక్షలు మొదటి రోజే పెట్టాలి, క్లౌడ్ డబ్బు మెల్లగా పోతుంది. ముందు ముందు కట్టే డబ్బుని ఏడాదికి 12 శాతంతో డిస్కౌంట్ చేయించి ఈనాటి విలువకి తెస్తే మొత్తాలు సమానమైనా లెక్క క్లౌడ్ వైపే మొగ్గుతుంది.

రూపాయి లెక్క
ఒప్పుకుంటా. లైసెన్స్ మొత్తానికి ఒకే ధర అని ప్రశ్నలోనే రాయాలి. డిస్కౌంటింగ్ ఫైనాన్స్ పేపర్‌లో అయ్యాకే ఈ లెక్క ఇవ్వడం మేలు, లేకపోతే ఎన్‌పీవీ (నికర ప్రస్తుత విలువ) చెప్పడంతోనే బెల్ కొట్టేస్తారు.

సర్వర్ గది
అదే షోరూమ్‌తో ఎస్ఎల్ఏ (సర్వీస్ ఎంత శాతం సమయం నడుస్తుందని అమ్మేవాళ్లు ఇచ్చే హామీ) కూడా చెప్పేయొచ్చు. ‘99.5 శాతం’ అంటే పిల్లలకి డిస్టింక్షన్ మార్కులా వినిపిస్తుంది. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలు. అర శాతం అంటే 216, మూడు గంటల 36 నిమిషాలు. 99.9 అయితే 43 నిమిషాలు.

తర్వాత గొలుసు. ఈఆర్పీ 99.5, పేమెంట్ గేట్‌వే 99.5, బ్రాంచి నెట్ 99. మూడూ ఉంటేనే బిల్లు పడుతుంది. గుణిస్తే 98.01. నెలకి 14 గంటలకి పైనే ఆగిపోవచ్చు. సగటు తీసేవాళ్లుంటారు, పట్టుకోండి. మూడూ వేర్వేరుగా చెడతాయన్న ఊహ మీదే ఈ గుణింతం నిలబడుతుందని కూడా చెప్పండి. కరెంటు పోతే మూడూ ఒకేసారి పోతాయి.

ఆ తర్వాత పరిహారం. నెల బిల్లు 36,000. మాట తప్పితే 10 శాతం క్రెడిట్, అంటే 3,600. దసరా ముందు శనివారం సాయంత్రం మూడు గంటలు బిల్లింగ్ ఆగితే పోయే అమ్మకం ఎంతో రాయమనండి. ఎస్ఎల్ఏ బీమా కాదని అక్కడ అర్థమవుతుంది. ప్రకటించి చేసే మెయింటెనెన్స్ లెక్కలోకి వస్తుందా, ఎవరి మీటర్ మీద కొలుస్తారు, క్రెడిట్ మనం అడిగితేనే ఇస్తారా అన్న మూడు ప్రశ్నలూ ఏ కాంట్రాక్ట్ చేతికొచ్చినా అడిగే అలవాటు చేయించండి.

గోదారి గట్టు
కేసుల మాటకొస్తే, 1999 నాటి అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ ఈఆర్పీ కథనే ఇంకా ఎంతకాలం? ఆర్‌బీఐ ప్రకటనలు ఉచితంగా దొరుకుతాయి, రెండు పేజీలు మించవు.

2024 ఏప్రిల్ 24న కొటక్ మహీంద్రా బ్యాంక్ మీద వచ్చింది తీసుకోండి. ఆన్‌లైన్, మొబైల్ ద్వారా కొత్త ఖాతాదార్లని చేర్చుకోవద్దు, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వొద్దు అన్నారు. ఆంక్షలు తీసింది 2025 ఫిబ్రవరిలో. కారణాలుగా రాసినవన్నీ సిలబస్ యూనిట్ల పేర్లలాగే ఉంటాయి: ఐటీ ఇన్వెంటరీ, ప్యాచ్ (లోపాలు సరిదిద్దే అప్‌డేట్), చేంజ్ మేనేజ్‌మెంట్, యూజర్ యాక్సెస్, వెండర్ రిస్క్, డేటా భద్రత, విపత్తు తర్వాత పునరుద్ధరణ. ఒక్కో మాటకి మూడు గడులు నింపించండి: బోర్డు ఏ నివేదిక అడగాలి, ఆ నివేదికలో ఉండాల్సిన ఒక్క అంకె ఏమిటి, ఆ అంకె ఎవరు తయారు చేస్తారు. ‘ప్యాచ్ మేనేజ్‌మెంట్ మెరుగుపరచాలి’ అని రాస్తే సున్నా. ‘విడుదలై 30 రోజులు దాటినా ప్యాచ్ పడని సర్వర్ల సంఖ్య’ అని రాస్తే మార్కులు.

రెండోది టీఎస్‌బీ, బ్రిటన్ బ్యాంక్. 2018 ఏప్రిల్‌లో 52 లక్షల ఖాతాదార్లని కొత్త ప్లాట్‌ఫామ్‌కి ఒకే వారాంతంలో మార్చారు. డేటా సరిగ్గానే చేరింది, సేవలు కూలాయి. 2022 డిసెంబర్‌లో జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. 2023లో ఆనాటి సీఐఓకి (ఐటీ అధిపతికి) విడిగా 81,620 పౌండ్లు పడింది, సరఫరాదారు సిద్ధంగా ఉన్నాడా లేదా గట్టిగా నిర్ధారించుకోలేదని. పని బయటికి ఇవ్వొచ్చు, బాధ్యత ఇవ్వలేం అన్న మాటకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మూడోది మన గుమ్మం దాకా వచ్చింది. 2024 జూలై 19, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్. తప్పు ఫైల్ 78 నిమిషాలే బయట ఉంది, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూసిందే, అదే తెర మీద పెట్టి క్లాసు మొదలుపెట్టండి. పని: కాలేజీ ఫీజు కౌంటర్ రోజంతా కాగితం మీద నడవాలి. రసీదు నంబర్లు రెండు కౌంటర్లలో ఒకటే పడకుండా ఎలా, సాయంత్రం సిస్టమ్‌లోకి ఎవరు ఎక్కిస్తారు, రెండుసార్లు ఎక్కితే ఎలా తెలుస్తుంది? మధ్యలో ‘ఇది అప్‌డేట్ కాదు, రాన్సమ్‌వేర్’ (డబ్బు కోసం ఫైళ్లకి తాళం వేసే దాడి) అని చీటీ ఇవ్వండి. అప్పుడు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లోపు తెలియజేయాలన్న 2022 ఏప్రిల్ నాటి ఆదేశం ఎవరైనా గుర్తుచేస్తారేమో చూడండి.

లెడ్జర్ లింగం
పాత ఈఆర్పీ కేసుని పూర్తిగా తీసేయకండి. పండగ సీజన్ ముందు, అన్ని మాడ్యూల్స్ ఒకేసారి ఎక్కించడం అనే తప్పుకి వయసు లేదు. కథ పది నిమిషాల్లో ముగించి తేదీల పట్టిక మాత్రం ఇవ్వండి, అది చాలు.

బొబ్బిలి బైట్
ఎక్సెల్‌ని వదిలేశారు అందరూ. 2020లో ఇంగ్లండ్‌లో పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్ 65,536 వరసల పరిమితి వల్ల 15,841 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. 20 నిమిషాల పని: 16 అంకెల కార్డు నంబర్లు, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లు (అన్నీ ఉత్తుత్తివే) ఉన్న సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌ని) నేరుగా ఎక్సెల్‌లో తెరవమనండి. ముందున్న సున్నాలు పోతాయి, 16వ అంకె సున్నా అవుతుంది. అదే ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి తెరిచి పోల్చమనండి.

చాక్‌పీస్
చాలా దొరికింది, ధన్యవాదాలు. మిగిలింది మార్కులు. అసైన్‌మెంట్లు చాట్‌జీపీటీ రాసేస్తోంది.

రూపాయి లెక్క
జట్టుకో అంకెల సెట్ ఇవ్వండి. ఒక జట్టుకి 40 మంది యూజర్లు, ఇంకో జట్టుకి 55. రెండు పేజీల నోట్ మాత్రమే: మొదటి వాక్యంలో సిఫార్సు, రెండో పేజీలో లెక్క. వైవా మనిషికి 3 నిమిషాలు, 60 మందికి మూడు గంటలు. ఒక్కటే ప్రశ్న: ‘ఏఎంసీ 18 కాదు 25 శాతం అయితే మీ సిఫార్సు మారుతుందా?’ షీట్ తెరిచి మార్చి చూపించాలి. లెక్కలో అంకెల్ని సెల్‌లో నేరుగా కొట్టిపెట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

సర్వర్ గది
ప్రాజెక్టు కోసం ఆసుపత్రులకీ దుకాణాలకీ పంపితే ఒక షరతు పెట్టండి: ప్రక్రియ రాసుకురావాలి, డేటా తేకూడదు. పేషెంట్ల జాబితా ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి రిపోర్ట్‌లో అంటించేవాళ్లు ఉంటారు. ఖాళీ ఫారం చాలు. 2023 డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా ఉందని ఆ రోజే చెబితే గుర్తుంటుంది.

గోదారి గట్టు
యూనివర్సిటీ పేపర్‌లో మాత్రం ‘డీఎస్ఎస్ లక్షణాలు రాయండి’ అనే వస్తుంది. 45లో 8 గంటలు పాత ప్రశ్నపత్రాలకి పక్కన పెట్టేయండి. డీఎస్ఎస్‌కి ఉదాహరణగా ఆ అయిదేళ్ల ఖర్చు షీట్‌నే రాయమనండి.