1794 నాటి దొరలకు తెల్ల ఉంగరాల విగ్గు పెట్టాలా, వద్దా?

కొప్పుముడి:
అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మా నాటక సమాజం పద్మనాభం యుద్ధం మీద నాటకం తయారు చేస్తోంది. విగ్గులు, మేకప్ పని నాది. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయిల గొడవ ముదిరి, 1794 జులై 10న విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన కథ అది. మన ఊరి పక్క కథ కాబట్టి అందరం పట్టుదలగా ఉన్నాం.

దొరల జుట్టు దగ్గర మాట తేడా వచ్చింది. కల్నల్‌కూ ఇద్దరు ఆఫీసర్లకూ భుజాల దాకా దిగే తెల్లటి ఉంగరాల విగ్గులు కావాలని దర్శకుడు గారు అంటున్నారు. సినిమాల్లో పాతకాలం ఇంగ్లీషు జడ్జికి పెడతారే, ఆ రకం. నేను నెల రోజులుగా ఆనాటి చిత్రాలు చూస్తున్నాను. ఆ విగ్గు ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కాలపు మోజు. మన కథకు నూరేళ్ల ముందుది. 1794 నాటి ఆఫీసర్లు సొంత జుట్టునే వెనక్కి దువ్వి, పిండి అద్ది, మెడ వెనక నల్ల రిబ్బను చుట్టి సన్నటి జడలా వదిలేవారు. చెవి పైన ఒకటో రెండో చుట్టలు ఉండేవి, అంతే.

నేను అలాగే కడతానంటే "చూసేవాళ్లకు వాడు దొర అని ఎలా తెలుస్తుంది?" అని అడుగుతున్నారు. మీరేమంటారు?

పాతరంగం:
అమ్మా, నలభై ఏళ్లుగా స్టేజీ మీద ముఖాలకు రంగు వేస్తున్నవాడిని. దర్శకుడి పక్షమే నాది. ఇరవయ్యో వరసలో కూర్చున్న మనిషికి చెవి మీది చుట్ట కనబడదు, మెడ వెనక జడ అసలే కనబడదు. తెల్ల ఉంగరాలు తెర లేవగానే కనబడతాయి. నాటకంలో విగ్గు చేసే మొదటి పని పాత్రను గుర్తు పట్టించడం.

స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన్ని చూసి మురిసిపోయినవాళ్లు ఆ సవరం ఏ శతాబ్దానిదని అడగలేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేస్తే, ఆ జడ ద్వాపరయుగానిదా కాదా అని ఎవరైనా చూస్తారా? అది సత్యభామ జడ, అంతే.

ఇంకో సంగతి. మీ సమాజంలో ఒకే నటుడు రెండు వేషాలు వేస్తాడు కదా. మూడు నిమిషాల్లో విగ్గు మారాలి. పెద్ద విగ్గు టోపీలా పడిపోతుంది. నుదుటి మీద లేసు (వెంట్రుకలు ముడివేసే సన్నటి వలగుడ్డ) అంటించే విగ్గుకు స్పిరిట్ గమ్ అనే జిగురు ఆరేదాకా ఆగాలి. ఆ టెన్షన్ తెర వెనక మీరే పడాలి.

శాసనం:
చరిత్ర పాఠాలు చెప్పేవాడిగా రెండు మాటలు. కొప్పుముడి గారు చెప్పిన కాలక్రమం సరైనదే. యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, 1795లో, బ్రిటన్‌లో జుట్టు పిండి వాడేవాళ్ల మీద ఏడాదికి ఒక గినీ (బంగారు నాణెం) పన్ను వేశారు. దాంతో ఆ అలవాటు త్వరగా తగ్గిపోయింది. సైన్యంలో మెడ వెనక జడ మాత్రం 1808 దాకా నిలిచింది. 1792లో టిప్పు కొడుకులను గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కు బందీలుగా అప్పగించిన సంఘటనను చిత్రకారుడు రాబర్ట్ హోమ్ దగ్గరుండి చూసి చిత్రించాడు. ఆ చిత్రంలో ఒక్క జడ్జి విగ్గు కూడా లేదు.

పాతరంగం మాస్టారు చెప్పిన గుర్తింపు మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ విగ్గు చూసి జనం ఏం గుర్తు పడతారు? వాళ్లకు గుర్తొచ్చేది జడ్జి. జడ్జి వేషంలో ఉన్న కల్నల్ న్యాయం చెప్పడానికి వచ్చినవాడిలా ఉంటాడు. బకాయిల కోసం సైన్యాన్ని తెచ్చిన మనిషికి న్యాయమూర్తి జుట్టు పెడితే విజయరామరాజు తప్పు చేసి శిక్ష పడ్డవాడు అవుతాడు. నాకు అభ్యంతరం అక్కడే.

జుట్టు చిన్న విషయం అనుకోకండి. 1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడటానికి ఒక ముఖ్య కారణం గడ్డాలు తీయమని, నామాలు పెట్టుకోవద్దని, కొత్త రకం తలపాగా పెట్టుకోమని ఇచ్చిన ఉత్తర్వులే.

రాజు గారి మాట కూడా చూసుకోండి. తలపాగా జారిపడే సీను ఉంటే కింద క్రాఫు కనబడకూడదు. ముందు తల గొరిగించుకుని వెనక జుట్టుముడి ఉంచుకోవడం ఆనాటి మామూలు అలవాటు.

కొప్పుముడి:
లెక్చరర్ గారూ, జడ్జి సంగతి నాకు తట్టలేదు. చాలా థాంక్స్. రాజు గారికి బాల్డ్ క్యాప్ (గొరిగిన తలలా కనబడే తొడుగు) మీద ముడి కుడుతున్నాను, అది ఇబ్బంది లేదు.

మాస్టారూ, మీరు చెప్పిన లేసు కష్టం నిజమే. కానీ నేను ఇంట్లో చేసి చూసిందేమిటో చెప్పనివ్వండి, ఎందుకంటే పుస్తకంలో చదివినప్పుడు నాకూ అర్థం కాలేదు.

ఆనాటివాళ్లు జుట్టుకు ముందు పొమేడు పట్టించేవారు. పంది కొవ్వు, గొర్రె కొవ్వు కాచి, వాసనకు లవంగ నూనె లాంటివి కలిపేవారు. దాని మీద మెత్తటి గంజిపిండి చల్లేవారు. పిండి కళ్లలో పడకుండా ముఖానికి కాగితంతో చేసిన పొడుగాటి గొట్టం అడ్డం పెట్టుకునేవారు. మా ఇంట్లో కొవ్వు కాచే వీలు లేదు. కొబ్బరినూనెతో మొదలుపెట్టాను. మన ఊళ్లో అది దాదాపు ఎప్పుడూ కరిగే ఉంటుంది కాబట్టి జుట్టు జిడ్డు ముద్ద అయింది. తేనెమైనం ఎక్కువగా కలిపాక దారికొచ్చింది. రంగు తీసిన అసలు జుట్టు పాయ మీద అది రాసి కార్న్‌ఫ్లోర్ అద్దాను.

మూడు సంగతులు తెలిశాయి. పొమేడు లేని పాయ మీద పిండి నిలవలేదు, ఊదితే పోయింది. పొమేడు ఉన్నదాని మీద పట్టింది గానీ పాలలాంటి తెలుపు రాలేదు, బూడిద కలిసిన తెలుపు వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, చెవి చుట్ట బిగుసుకుంది! బీచ్ రోడ్డుకు దగ్గరలోనే మా ఇల్లు. కిటికీ తీస్తే ఉప్పు గాలి. ఉత్త నీళ్లతో చుట్టిన పాయ గంటలో జారిపోయింది, పిండి పట్టిన పాయ సాయంత్రం దాకా అలాగే ఉంది. పిండి తెల్లదనం కోసమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. జుట్టును నిలబెట్టేదీ అదే.

స్టేజీ మీద అసలు పిండి వాడను, ఎర్రకోటు మీద రాలుతుంది. తెలుపు, బూడిద, లేత గోధుమ రంగు సింథటిక్ జుట్టు మూడూ కలిపి, తల దిమ్మ మీద లేసు బిగించి, చిన్న కొక్కెం సూదితో ముందు వరసలు ముడి వేస్తున్నాను. నుదుటి దగ్గర కన్నానికి ఒక్కో వెంట్రుక, వెనక్కి వెళ్లేకొద్దీ రెండు, మూడు. చుట్టలు పెన్సిలుకు చుట్టి ఆవిరి పట్టాను. సింథటిక్ కాబట్టి తేమకు జారవు.

పాతరంగం:
పని తెలిసిన పిల్లవి, సంతోషం. జడ్జి మాట కూడా ఆలోచించదగ్గదే, కాదనను.

కానీ ఒకటి అడుగుతాను. దొరలకు బొమ్మలున్నాయి, లెక్కలున్నాయి. రాణి గారి పాత్ర మాటేమిటి? 1794లో మన అంతఃపురంలో ఆడవాళ్లు జుట్టు ఎలా ముడుచుకున్నారో ఏ దొర బొమ్మ వేశాడు? అక్కడ నువ్వు ఊహించాల్సిందే కదా. ఒక తలకు ఆధారం, ఇంకో తలకు ఊహ అయితే, రెండు తలలకూ స్టేజీ సంప్రదాయమే పెడితే ఏం పోయింది?

జడగంట:
మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటుంది కాబట్టి చెబుతున్నాను. రాణికి బారు జడ, జడబిళ్లలు, పాపిటకు చేరుచుక్కలు, చివర కుప్పెలు పెట్టండి. ఎవరికీ అనుమానం రాదు, అందంగానూ ఉంటుంది.

శాసనం:
అందం సరే. కానీ ఇంట్లో కూర్చున్న మనిషికి నాట్యం జడ ఎందుకండీ? లేపాక్షి పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ల కొప్పులు చూడండి. అవీ పదహారో శతాబ్దానివి, మన కథకు రెండున్నర వందల ఏళ్ల ముందువి. నేరుగా తెచ్చి పెట్టమనను. కొప్పు అనే పద్ధతి మాత్రం మన దగ్గర ఎంత పాతదో అవి చెబుతాయి.

రాతిబొమ్మ:
నేను శిల్పం పని నేర్చుకున్నవాడిని. చిత్రకారుడూ శిల్పీ జుట్టును తమ ఇష్టానికి మలుస్తారు. రాయికి గురుత్వాకర్షణ తెలియదు. అంతంత కొప్పులు నిజంగా తల మీద నిలిచాయని ఎలా నమ్ముతారు?

కొప్పుముడి:
రాతిబొమ్మ గారూ, సరిగ్గా ఇదే ప్రశ్న రోమన్ శిల్పాల మీద వచ్చింది. రోమన్ రాణుల తలల మీది ఎత్తైన అల్లికలు విగ్గులే అయి ఉండాలని పండితులు అనుకునేవారు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జానెట్ స్టీఫెన్స్ అనే హెయిర్ డ్రెస్సర్ అక్కడి మ్యూజియంలో జూలియా డోమ్నా అనే రోమన్ రాణి శిల్పం చూశారు. ఆమె పండితురాలు కాదు, కత్తెర పట్టిన మనిషి. ఇంటికెళ్లి కట్టడానికి ప్రయత్నించారు. పిన్నులతో నిలవలేదు. లాటిన్‌లో 'ఆకుస్' అనే మాటను జుట్టు విషయంలో పిన్ను అని అర్థం చెప్పుకుంటూ వచ్చారు, దానికి సూది అని కూడా అర్థం ఉంది. ఆమె సూదీ దారం తీసుకుని జడలను కుట్టారు, నిలిచాయి. 2008లో రోమన్ పురావస్తు పత్రికలో వ్యాసంగా ప్రచురించారు. శిల్పి చూసిందే చెక్కాడని ఒక హెయిర్ డ్రెస్సర్ చేతులు చూపించాయి.

నాకు ఆ కథ చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. మన సవరాలు, కొప్పులు కట్టే ముసలమ్మల చేతుల్లో ఏముందో ఎవరూ అడగకుండానే పోతోంది.

తేడా కూడా చెప్పాలి. రోమన్ శిల్పాలను చుట్టూ తిరిగి చూడొచ్చు, వెనక భాగం కూడా చెక్కి ఉంటుంది. లేపాక్షి చిత్రాల్లో ఆడవాళ్ల తలలు ఒక పక్క నుంచే కనబడతాయి. కొప్పు లోపల ఏం పెట్టారో తెలియదు. అందుకని అసలు జుట్టు సవరంతో కట్టి చూశాను. పక్కకు ఒరిగే కొప్పు బరువుకు లేసు పైకి లేస్తోంది. మొదట తల వెనక భాగంలో చిన్న జడ అల్లి చుట్టి, ఆ చుట్ట మీదకు కొప్పును దారంతో కుడితే నిలిచింది. ఇది నా ఊహ, కాదనను. నాటకం కరపత్రంలో "రాణి కేశాలంకరణ ఊహ, దొరలది నాటి చిత్రాల ఆధారం" అని వేయమని అడిగాను. మాస్టారు అడిగిన దానికి నా జవాబు అదే.

తెరవెనుక:
ఆ రాణి వేషం వేసేది నేనే. ట్రయల్‌లో కొప్పు పెట్టుకున్నాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాకు రెండేళ్ల క్రితం ఒక పోటీలో రెడీమేడ్ విగ్గు డైలాగు మధ్యలో వెనక్కి జారింది. ఆ రాత్రి ఏడ్చాను. అప్పటి నుంచి తల మీద ఏది పెట్టినా భయమే.

ఈ కొప్పు బరువుగానే ఉంది, చెమట కూడా పడుతోంది. కానీ కుట్టడం వల్ల కదలదు. దానితో తల చటుక్కున తిప్పలేను. ముందు భుజం తిరగాలి, తర్వాత మెడ. వార్త తెచ్చినవాడి వైపు అలా నెమ్మదిగా తిరిగేసరికి, దర్శకుడు గారు "ఇలాగే ఉంచు" అన్నారు. నేను నటించింది కాదది, కొప్పు తిప్పించింది. బారు జడతో ఆ తిరుగుడు నాకు వచ్చేది కాదు.

పాతరంగం:
అమ్మాయీ, ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. రాణి సంగతి ఒప్పుకున్నాను.

దొరల దగ్గర మాత్రం నేను అక్కడే ఉన్నాను. దూరం మాట మీరెవ్వరూ తీర్చలేదు.

కొప్పుముడి:
తీర్చలేదు, నిజమే. దర్శకుడు గారు కల్నల్ ఒక్కడికి నా పద్ధతిలో చూద్దామన్నారు. ఆఫీసర్లిద్దరి సంగతి ట్రయల్ చూశాక తేలుస్తారట. వేషం మార్చే నటుడికి లేసు నుదుటి మీద అంటించకుండా, టోపీ అంచు కిందకు వచ్చేలా కుడుతున్నాను. మూడు నిమిషాల్లో అవుతుందని నా నమ్మకం. వచ్చే ఆదివారం కళాభారతిలో లైట్లతో ట్రయల్. మీరు రావాలి మాస్టారూ.

పాతరంగం:
వస్తాను. చివరి వరసలో కూర్చుంటాను. అక్కడికి ఆ నల్ల రిబ్బను కనబడకపోతే నా మాటే నెగ్గినట్టు.

కొప్పుముడి:
ఆనాటి చిత్రాల్లో రిబ్బను సన్నంగా ఉంది. మీ కోసం రెండు అంగుళాల వెడల్పు పెడుతున్నాను.