అప్‌డేట్: తాటిచెట్టు మీద నుంచి పడిన మా బాబాయి కాళ్ల సంగతి

కల్లు గీస్తూ పడిన బాబాయికి కాళ్లు మళ్లీ వస్తాయా అని 2 నెలల కిందట అడిగాను. దెబ్బ నడుములో, ఎల్1 ఎముక (నడుము భాగంలో మొదటి వెన్నుపూస) దగ్గర. మెడలో తగిలి ఉంటే చేతులు కూడా పడిపోయేవట.

మొదట్లో కాళ్లు గుడ్డపీలికల్లా వేలాడాయి. అది వెన్నుపాము షాక్ అని, అంటే దెబ్బ తగిలాక వెన్నుపాము కొంతకాలం పనిచేయకపోవడమని, అది తగ్గేదాకా ఏదీ తేల్చలేమని డాక్టర్ అన్నారు. తర్వాత మలద్వారం చుట్టూ సూదితో తాకితే బాబాయికి తెలిసింది. అంటే నరాలు పూర్తిగా తెగలేదు, ఆశ ఉంది. మొన్న కుడికాలి బొటనవేలు కదిలింది! పిన్ని నమ్మలేదు, మళ్లీ కదపమంది.

నడక గురించి ఇంకా చెప్పలేమన్నారు. నిజానికి నడక కన్నా మూత్రమే పెద్ద తంటా. 4 నుంచి 6 గంటలకోసారి గొట్టం పెట్టి తీయాలి. ఆ పని ఇప్పుడు బాబాయే నేర్చుకుంటున్నాడు. పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా 2 గంటలకోసారి పక్కకు తిప్పుతున్నాం. అలారం నా ఫోనులోనే.